“ఇది షాంపూ సీసాలా ఉందమ్మా” అన్నారు మామయ్య

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 29. పెళ్లికి ముందు బెంగళూరులో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో గ్రాఫిక్ డిజైనర్‌గా చేశారు. బాబు పుట్టాక ఉద్యోగం మానేశారు. అత్తగారిది చిత్తూరు దగ్గర ఊరు. మామయ్య ఎన్నో ఏళ్లుగా నన్నారి (సుగంధిపాల) వేర్లు తెప్పించి, సిరప్ కాచి అమ్ముతున్నారు. పసుప్పచ్చ కాగితం మీద ఎర్ర అక్షరాలు, పక్కన ఒక నిమ్మకాయ, పొంగుతున్న సోడా గ్లాసు. మొదటినుంచీ అదే లేబుల్. చిత్తూరు, పలమనేరు వైపు షర్బత్ బండ్లవాళ్లు పేరు కూడా చదవరట. “ఆ పసుపు సీసా ఇవ్వు” అని అడిగి తీసుకుపోతారట.

ఇప్పుడు ఆమె భర్త ఆ సరుకునే తిరుపతిలో యాత్రికులకూ, ఆన్‌లైన్‌లోనూ అమ్మాలనుకుంటున్నారు. “ఇంట్లోనే డిజైనర్ ఉండగా బయటివాళ్లకు డబ్బులు పోయడం దేనికి?” అంటూ కొత్త ప్యాకింగ్ పని ఈమెకు అప్పగించారు. ఆమె సంతోషంగానే ఒప్పుకున్నారు. బాబు నిద్రపోయాక ఫోన్లో జపాన్ జ్యూస్ డబ్బాలు, ఇటలీ సిరప్ సీసాలు చూస్తూ, నచ్చిన ఫొటోలు వందల కొద్దీ దాచుకున్నారు. మొదట తెల్లటి లేబుల్ మీద సన్నటి అక్షరాలతో ఒకటి చేస్తే, మామయ్య చేతిలోకి తీసుకుని “ఇది షాంపూ సీసాలా ఉందమ్మా” అన్నారు. తర్వాత నెట్‌లో దొరికిన కలంకారీ బోర్డర్ పెట్టి చేస్తే భర్త “చీర పెట్టెలా ఉంది” అన్నారు. మూడోది అందరికీ నచ్చింది. కానీ దాన్ని చూసిన పాత ఆఫీసు స్నేహితురాలు, అది అచ్చం ఒక విదేశీ బ్రాండ్‌లాగే ఉందని లింకు పంపింది. తీరా చూస్తే ఆ ఫొటో ఈమె దాచుకున్నవాటిలోనే ఉంది. తనకు తెలియకుండానే కాపీ కొట్టానని ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఈలోపు భర్త, “తిరుపతిలో అమ్ముడుపోవాలంటే స్వామివారి బొమ్మ పెట్టు, పనైపోతుంది” అంటున్నారు. మామయ్య “పసుపు జోలికి పోవద్దు” అంటున్నారు. అత్తయ్య రోజూ “ఎంతవరకూ వచ్చిందమ్మా?” అని అడుగుతున్నారు. ఆమె ప్రశ్నలు ఇవీ: ఇతరుల డిజైన్లు చూసి స్ఫూర్తి పొందడమే తప్పా? దేవుడి బొమ్మ సంగతి ఏం చేయాలి? నా బుర్రలో సొంత సరుకు అయిపోయిందని ఒప్పుకుని, బెంగళూరు ఏజెన్సీకి ఇచ్చేయమని చెప్పేదా?

ముందు ఆ కాపీ సంగతి తేల్చేద్దాం. ఉత్తరంలో మీరు ఎక్కడికి వెళ్లినా తిరిగి దాని దగ్గరికే వస్తున్నారు. రోజూ రాత్రి వందల బొమ్మలు కళ్లలో పోసుకుంటే, చేయి వాటిలో ఒకదాన్ని బయటపెట్టడం వింతేమీ కాదు. ఇంకా ఏదీ అచ్చు కాలేదు కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. దాన్ని దొంగతనం అనకండి. కానీ తెలిశాక కూడా అచ్చు వేస్తే, ఆ మాట పడాల్సిందే. “రంగు మార్చి వాడేద్దాం, మన తిరుపతిలో ఎవరు చూడొచ్చారు?” అని మీవారు అనొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మే సరుకును ఎక్కడివాళ్లయినా చూస్తారు. నోటీసు వచ్చేది ఎప్పుడూ స్టిక్కర్లు కట్టలు కట్టలుగా ఇంట్లో దిగాకే. మూడోదాన్ని పక్కన పెట్టేయండి. ఎందుకు పెట్టారో కూడా ఇంట్లో చెప్పండి.

ఇతరుల పని చూడటం తప్పు కానే కాదు. అయితే మీరు చూస్తున్నది జవాబులు మాత్రమే. ఆ జవాబు ఏ ప్రశ్నకు వచ్చిందో ఫొటోలో కనపడదు.

మనందరికీ తెలిసిన గోలీ సోడా సీసానే తీసుకోండి. 1872లో దానికి పేటెంట్ తీసుకున్న హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు అందమైన సీసా చేద్దామని కూర్చోలేదు. సోడాలో గ్యాస్ పోకుండా మూత ఎలా బిగించాలన్నదే అతని తలనొప్పి. బెండు బిరడా ఎండితే గ్యాస్ జారిపోతుంది. అందుకని మెడలో గాజు గోలీ పెట్టి, లోపలి గ్యాసే దాన్ని పైనున్న రబ్బరు రింగుకు నొక్కిపట్టేలా చేశాడు. మెడ దగ్గరి నొక్కులు కూడా సోకు కోసం కాదు, వంపేటప్పుడు గోలీ జారి దారికి అడ్డు పడకుండా ఆపడానికి. ఆ టప్పుమనే చప్పుడు, పిల్లల సరదా, ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవి.

కోకాకోలా సీసా కథ మీరు ఏజెన్సీలో వినే ఉంటారు. నకిలీల బెడద భరించలేక 1915లో వాళ్లు గాజు కంపెనీలకు ఒక షరతు పెట్టారు: చీకట్లో చేత్తో తడిమినా, పగిలి ముక్కలై నేల మీద పడి ఉన్నా, అది తమ సీసా అని తెలియాలి. ఇండియానా రాష్ట్రంలోని రూట్ గ్లాస్ కంపెనీ వాళ్లు వేరే సీసాలు ముందేసుకుని కూర్చోలేదు. లైబ్రరీకి వెళ్లి, ఒక విజ్ఞాన సర్వస్వంలో కోకో కాయ బొమ్మ చూసి, దాని గాళ్లూ ఉబ్బూ పట్టుకుని గీశారు. ఆ పానీయంలో అసలు కోకోనే లేదు! పొరపాటున దొరికిన బొమ్మ అది. అయినా పనికొచ్చింది. అడిగిన ప్రశ్న అంత స్పష్టంగా ఉంది మరి.

మీకు అలాంటి ప్రశ్న ఎవరైనా ఇచ్చారా? ఉత్తరం మొత్తం వెతికాను, కనపడలేదు. మామయ్యకు తన పాత బండ్లవాళ్లు చేజారకూడదు. మీవారికి కొత్త జనం కావాలి. సరుకు ఎవరికి అమ్మాలో తండ్రీకొడుకులు కూర్చుని తేల్చుకోలేదు. ఆ తగువు మీ లేబుల్ మీద జరుగుతోంది. అందుకే ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చడం లేదు. ఇందులో మీ బుర్ర ఎండిపోయిన లక్షణం నాకేమీ కనపడలేదు. ఎవరూ తేల్చని విషయాన్ని డిజైనర్ ఒక్కరే బొమ్మ గీసి తేల్చడం ఎవరివల్లా కాదు.

కాబట్టి మొదట చేయాల్సింది, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మూడు విషయాలు కాగితం మీద రాయించుకోవడం. ఈ సీసా కొనేది ఎవరు? ఎక్కడ కొంటారు? ఆఖరి మాట ఎవరిది? మామగారిని ఇలా అడగడం కోడలికి ఇబ్బందే. నేరుగా అడగలేకపోతే మీవారిచేత అడిగించండి. అదీ కుదరకపోతే అత్తయ్య ఉన్నారుగా. ఆమె రోజూ అడిగేది దెప్పడానికే అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ ఇంట్లో మీ పని ఎంతవరకూ వచ్చిందని అడుగుతున్నది ఆమె ఒక్కరే.

ఇక స్ఫూర్తి. కొన్నాళ్లు ఫోను పక్కన పెట్టి, మధ్యాహ్నం మూడు గంటల ఎండలో మామయ్య సీసా వాడే షర్బత్ బండి పక్కన అరగంట నిలబడండి. బండి అతని చేయి ఎప్పుడూ ఐసు నీళ్లతో తడిసి ఉంటుంది. సీసా జారకుండా మెడ దగ్గర పట్టుకుంటాడు. మూత తీసి పెట్టే తీరిక ఉండదు కాబట్టి దానికి మేకుతో చిల్లు పొడిచి ఉంటాడు. వంచి ఎత్తిన ప్రతిసారీ ఒక చుక్క మెడ మీదుగా కిందికి జారుతుంది. ఆ జిగురు లేబుల్ అంచుకు చేరి, దుమ్ము పట్టి నల్లబడుతుంది, అంచు ముడుచుకుపోతుంది. చీమలు సరేసరి. ఆ ఒక్క చుక్కలో మీకు కావాల్సినంత డిజైన్ ఉంది. లేబుల్ మెడకు ఎంత దూరంలో మొదలవ్వాలి, ఏ కాగితం తడికి ఆగుతుంది, పోసేందుకు వీలైన మూత రెడీమేడ్‌గా దొరుకుతుందా, చుక్క ఆగేలా మెడకు ఒక కాగితం పట్టీ చుడితే అది అలంకారంగానూ పనికొస్తుందా? వీటిలో ఏ ఒక్కదానికి మంచి జవాబు దొరికినా, అది మీ డిజైనే అవుతుంది. ఇటలీలో ఎవరూ చేసి ఉండరు.

యాత్రికుడి సంగతి వేరు. ఒక చేతిలో లడ్డూ కవరు, ఇంకో చేతిలో పిల్లాడు, రాత్రి బస్సు. సీసా బట్టల మధ్య ఒలికితే ఊరు చేరాక ఇంట్లో పెద్ద గొడవ. అతనికి ముందు కావాల్సింది కారదన్న నమ్మకం. ఇంటికెళ్లాక రెండో ఇబ్బంది: ఎంత పోయాలో తెలీదు. ఎక్కువ పోసి “అబ్బో, తీపి” అని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేస్తారు. సీసా వెనక గ్లాసుకు ఇంత అని గీతలు ఇచ్చి, నిమ్మరసం, సబ్జా గింజలు, చన్నీళ్లో సోడానో కలపాలని చిన్న బొమ్మలు వేస్తే సరిపోతుంది. ఉత్తరాదివాళ్లకు నన్నారి అంటే తెలీదు, అనంతమూల్ అంటే తెలుస్తుంది. ఆ మాట కూడా ఒక మూల పెట్టండి.

సీసా గాజుదా, ప్లాస్టిక్‌దా అన్నది మీరు ఉత్తరంలో తేల్చకుండా దాటేశారు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నిషేధం ఉందని మీకు తెలుసు. పైన అమ్మే ఆలోచన ఎప్పటికైనా ఉంటే గాజు తప్పదు. కింద బస్టాండులోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మాలంటే గాజు బరువు, పగుళ్లు, పార్సిల్ ఖర్చు లెక్క వేసుకోవాలి. సొంత అచ్చుతో ప్రత్యేకమైన సీసా చేయించే ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. చిన్న వ్యాపారం ఆ ఖర్చు మోయలేదు. మార్కెట్లో దొరికే మామూలు సీసా తీసుకుని, మూతలో, మెడలో, లేబుల్లో మీ పనితనం చూపించండి.

మీ ఉత్తరంలో నిమ్మకాయ ఉంది, సోడా ఉంది, కలంకారీ ఉంది, ఏడుకొండలు ఉన్నాయి. నన్నారి తీగ ఎక్కడా లేదు! ఎప్పుడైనా చూశారా? సన్నగా పొడుగ్గా ఉండే ఆకు, మధ్య ఈనె వెంట తెల్లటి చార. వేరు పైన ముదురు గోధుమ రంగు బెరడు, అక్కడక్కడా పగుళ్లు. గీరితే వచ్చే వాసన నేను చెప్పక్కర్లేదు. జపాన్ డిజైనర్ నవోటో ఫుకసావా 2004లో ఒక ప్రదర్శన కోసం అరటిపండు జ్యూస్ డబ్బాను అరటి తొక్కలాగే, కివీ జ్యూస్ డబ్బాను ఆ పండు నూగుతో సహా చేశాడు. మీ ఫోన్లో ఆ ఫొటో ఉండే ఉంటుంది, అందరి ఫోన్లలోనూ ఉంటుంది. దాన్ని చూసి మీరు సీసాకు అరటి తొక్క తొడగక్కర్లేదు. పండును చేత్తో పట్టుకుని చూసి మొదలుపెట్టాడన్నది మాత్రం తీసుకోండి. ఆ వేరు బెరడులాంటి గరుకు కాగితం మీద తెల్లచార ఆకు ఎలా ఉంటుందో ఒకసారి గీసి చూడండి. గరుకు కాగితానికి సిరప్ మరక త్వరగా పడుతుంది, దానికి పూత అవసరం. ప్రెస్సు అతన్ని అడిగితే చెబుతాడు.

పసుపు విషయంలో నా ఓటు మామయ్యకే. 2009 జనవరిలో అమెరికాలో ట్రోపికానా కంపెనీ తన నారింజ రసం డబ్బా మీద ఎన్నాళ్లుగానో ఉన్న, నారింజలో స్ట్రా గుచ్చిన బొమ్మ తీసేసి, గ్లాసు నిండా రసం బొమ్మ పెట్టింది. చూడ్డానికి శుభ్రంగా, ఆధునికంగా ఉంది. మీ మొదటి లేబుల్ లాగే అనుకోండి. జనం అల్మారాలో తమ డబ్బా పోల్చుకోలేకపోయారు. రెండు నెలలు తిరిగేసరికి అమ్మకాలు ఇరవై శాతం దాకా పడిపోయాయి. పాత బొమ్మ మళ్లీ తెచ్చారు. పేరు చదవకుండా పసుపు చూసి కొనే జనం ఉండటం మామయ్య ఇన్నేళ్ల సంపాదన.

దాని అర్థం మీరు చేతులు కట్టుకు కూర్చోమని కాదు. ఒక దారి, బండ్లకు వెళ్లే పెద్ద సీసాను అలాగే ఉంచి, యాత్రికులకు చిన్న సీసా వేరుగా చేయడం. ఆ చిన్నదానికి పసుపు రంగు మూతో, మెడ పట్టీయో ఉంటే రెండూ ఒకే ఇంటివని తెలుస్తుంది. ఇలా చేస్తే తండ్రీకొడుకులిద్దరి మాటా నిలుస్తుంది, కానీ రెండు రకాల సీసాలు, రెండు రకాల స్టిక్కర్లు కొనిపెట్టుకోవాలి. పెట్టుబడి పెరుగుతుంది. ఇంకో దారి, పాత లేబుల్‌నే శుభ్రం చేయడం. అదే పసుపు, అదే నిమ్మకాయ, అదే గ్లాసు, చేత్తో మళ్లీ గీసి, అక్షరాలు సరిచేసి, అడ్డదిడ్డంగా ఉన్న సమాచారాన్ని ఒక పద్ధతిలో పెట్టడం. ఖర్చు తక్కువ. మీవారు “ఏం మారింది?” అంటారు, మీకూ స్నేహితులకు చూపించుకునేంత ఘనంగా అనిపించకపోవచ్చు. ఈ రెండో పనే కష్టమైందని మాత్రం మీకు పని మొదలుపెట్టిన గంటలోనే తెలిసిపోతుంది. మొత్తం మార్చేసే మూడో దారి కూడా ఉంది. మీవారు బండ్ల వ్యాపారం వదులుకోవడానికి సిద్ధపడితేనే ఆ దారి. ఆ మాట ఆయన నాన్నగారి ముందు అనగలరేమో అడగండి.

స్వామివారి బొమ్మ గురించి మీ మనసులో ఉన్న ఇబ్బందే సరైనది. సిరప్ అయిపోయాక ఆ సీసా చెత్తబుట్టలోకో, రోడ్డు పక్కకో పోతుంది. ఆ బొమ్మను తొక్కిన భక్తుడు మీ బ్రాండ్‌ను ఏమనుకుంటాడు? అందరూ అదే బొమ్మ పెట్టుకున్న చోట మీది ప్రత్యేకంగా కనపడేదీ ఉండదు. రేపు మీ లోగోకు ట్రేడ్‌మార్క్ తీసుకోవాలనుకుంటే, మతపరమైన మనోభావాలు దెబ్బతీసే అవకాశమున్న గుర్తులకు 1999 చట్టం రిజిస్ట్రేషన్ ఇవ్వదు. అభ్యంతరం వస్తే మళ్లీ మొదటికి. ఊరి పేరుతోనూ జాగ్రత్త. తిరుపతి లడ్డూకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందుకే ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడలేరు. స్విట్జర్లాండ్ చాక్లెట్ టోబ్లరోన్ కూడా 2023లో తన డబ్బా మీది మాటర్‌హార్న్ శిఖరం బొమ్మ తీసేయాల్సి వచ్చింది. తయారీలో కొంత స్లొవేకియాకు మారేసరికి స్విట్జర్లాండ్ చట్టం ఒప్పుకోలేదు. కొండ బొమ్మ పెడితే “ఇది ఆ కొండ సరుకు” అని మాట ఇచ్చినట్టే. మీ సిరప్ చిత్తూరు సరుకు. ఆ పేరే గట్టిగా వేయండి. బెల్లానికీ మామిడికీ పేరున్న ఊరు, దానికేం తక్కువ?

కలంకారీ మీద మీకు నిజంగా ఇష్టముంటే నెట్ బోర్డర్ వద్దు. శ్రీకాళహస్తి మీకు గంట ప్రయాణం. కలంతో గీసే ఆ పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుప ముక్కలూ నానబెట్టి తీసిన నల్లటి రంగుతో గీతలు గీస్తారు. ఒక కళాకారుడికి నన్నారి తీగ చూపించి, ఒక్క బొమ్మ గీయించుకోండి. ఎన్నిసార్లైనా అచ్చు వేసుకునే హక్కుతో సహా కాగితం రాసుకోండి, ఆయన పేరు లేబుల్ మీద వేయండి. డబ్బు, సమయం రెండూ పడతాయి. మీ మూడో డిజైన్‌కు వచ్చిన తలనొప్పి మాత్రం దీనికి రాదు.

చట్టం అడిగేవి చివర్లో ఇరికించకండి, మొదటే వాటికి చోటు వదలండి. శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, పదార్థాలు, పోషకాల పట్టిక, బరువు, ధర, బ్యాచ్, తేదీలు, చిరునామా. ఇవి ఇంగ్లీషులోనో హిందీలోనో తప్పనిసరి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. పాత లేబుల్ మీద “రక్తశుద్ధి, సర్వరోగ నివారిణి” అని ఉందని రాశారు. మామయ్యకు ఎంత ప్రీతి ఉన్నా ఆ లైను తీయాల్సిందే. ఆహారం మీద రోగాలు తగ్గుతాయని రాయడానికి వీల్లేదు.

బెంగళూరు ఏజెన్సీకి ఇవ్వడం ఓటమేమీ కాదు. కానీ వాళ్లూ మొదటిరోజు అడిగేది ఆ మూడు ప్రశ్నలే. జవాబులు లేకుండా వెళ్తే డబ్బిచ్చి మరీ మూడు డిజైన్లు తెచ్చుకుంటారు, మామయ్య మళ్లీ షాంపూ అంటారు. మీకే చేయాలని ఉంటే, బాబు పడుకున్నాక మిగిలిన సమయంలో కాకుండా పగలు రెండు గంటలు ఇవ్వమని అడగండి. ఆ వేళకు బాబును ఎవరు చూస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. పనికి ఇంత అని డబ్బు కూడా మాట్లాడుకోండి. ఇంటి పనికి డబ్బేమిటని అనుకోవచ్చు. ఖరీదు కట్టిన పనికి ఆ ఇంట్లో “ఇది బాలేదు” అనే మాట కాస్త ఆలోచించి వస్తుంది.

శివరాత్రి దాటితే షర్బత్ గిరాకీ మొదలవుతుంది, ఆ రోజుల్లోనే ప్రెస్సులు పెళ్లికార్డులతో తీరిక లేకుండా ఉంటాయి. సంక్రాంతి కాగానే ఫైలు ఇచ్చేలా చూసుకోండి. ప్రూఫ్‌ను స్క్రీన్ మీద చూసి సరే అనకండి. సీసాకు అంటించి, మెడ మీదుగా సిరప్ ఒలకబోసి, తడిచేత్తో పట్టుకుని, ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి చూశాకే అచ్చుకు ఇవ్వండి.